సున్నిపిండితో మొహం కడుక్కోవడం: ఏది కలపాలి, ఏది మానాలి

(విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో జరిగిన మహిళల సమావేశంలో ఒక విశ్రాంత కెమిస్ట్రీ అధ్యాపకురాలు చేసిన ప్రసంగం. రికార్డు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక కుర్చీల్లో ఉన్నవాళ్ళు కాస్త ముందుకు జరగండమ్మా, ఈ బల్ల మీద చూపించాల్సినవి ఉన్నాయి. ఆ పైన ఫ్యాను ఒక్కటీ ఆపేయండి, పొడులు ఎగిరిపోతాయి.

ఇంట్లో మూలికలతో ఫేస్‌వాష్ ఎలా చేసుకోవాలో చెప్పమన్నారు. చెప్తాను, కొలతలతో సహా చెప్తాను. కానీ దానికంటే ముందు ఒక సంగతి తేల్చుకుందాం. ఈమధ్య ఎవరింటికి వెళ్ళినా పిల్లలు ఫోన్లో చూసి మొహానికి నిమ్మరసం పూస్తున్నారు, వంటసోడా రుద్దుతున్నారు, మొటిమ మీద టూత్‌పేస్టు పెడుతున్నారు. అదేమిటే అంటే, "ఇంట్లోదే కదా పిన్నీ, కెమికల్ కాదు కదా" అంటారు. నిమ్మరసంలో ఉన్నది సిట్రిక్ ఆమ్లం. వంటసోడా అంటే సోడియం బైకార్బొనేటు. మంచినీళ్ళతో సహా కెమికల్ కానిది ఏదీ లేదు. మొహం మీద అది ఏం పని చేస్తుంది, ఆ పని మనకు కావాలా? ఈ రెండూ అడగకుండా ఏదీ పూయకూడదు. ఇవాళ నేను చెప్పేదంతా ఈ రెండు ప్రశ్నల చుట్టూనే ఉంటుంది.

ఇదిగో, ఈ కాగితం చూడండి. మామూలు తెల్ల కాగితానికి పసుపు ముద్ద పూసి ఆరబెట్టాను. ఇది స్నానం సబ్బు. తడిచేసి కాగితం మీద ఒక గీత గీస్తున్నాను. కనబడుతోందా? ఎర్రబడింది. మనం దిష్టి తీసేటప్పుడు పసుపు నీళ్ళలో సున్నం వేస్తే ఎర్రనీళ్ళవుతాయి కదా, ఇదీ అదే. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. ఇప్పుడు పక్కనే ఒక చుక్క పెరుగు పెడుతున్నాను. పసుపు పసుపుగానే ఉంది. పెసరపిండి ముద్ద, అదీ మార్చలేదు. ఇది వంటసోడా కలిపిన నీళ్ళు. చూడండి, సబ్బంత ముదురుగా కాకపోయినా ఎర్రబారింది.

మన చర్మం పైపొర స్వభావం కొంచెం పులుపు. పులుపునీ క్షారాన్నీ కొలిచే పీహెచ్ లెక్కలో సుమారు 4.5 నుంచి 5.5. శుద్ధమైన నీళ్ళు 7. సబ్బు బిళ్ళ 9, 10 దగ్గర ఉంటుంది. ఆ కాస్త పులుపుతనం చర్మానికి కాపలా. చెడు చేసే సూక్ష్మజీవులు పెరగకుండా చూస్తుంది, లోపలి తడి బయటికి పోకుండా పట్టి ఉంచే పొరను నిలబెడుతుంది. సబ్బుతో కడిగినప్పుడు అది చెదిరిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న చర్మమైతే కొన్ని గంటల్లో సర్దుకుంటుంది. రోజుకి నాలుగుసార్లు సబ్బు పెడితే సర్దుకోవడానికి వ్యవధి ఎక్కడిది? కడుక్కున్నాక మొహం బిర్రబిగిసినట్టు ఉంటే "ఆహా, శుభ్రపడింది" అనుకుంటాం. అది శుభ్రం కాదమ్మా. ఉండాల్సిన నూనె కూడా పోయిందని చర్మం చెబుతున్న మాట.

అయితే ఈ కాగితానికి ఒక పరిమితి ఉంది. ఇది క్షారాన్నే పట్టిస్తుంది. నిమ్మరసం వేసినా పసుపు మారదు. అంతమాత్రాన నిమ్మరసం మంచిదనుకోవద్దు. నిమ్మరసం పీహెచ్ 2 చిల్లర. ఈ లెక్కలో ఒక్కో అంకె దిగితే పులుపు పది రెట్లు పెరుగుతుంది. అంటే మన చర్మం 4.5 అనుకుంటే నిమ్మరసం దానికంటే వంద రెట్లకు పైనే పులుపు. అది చాలదన్నట్టు నిమ్మలో, ముఖ్యంగా తొక్కలో, ఎండ పడితే చర్మాన్ని కాల్చే పదార్థాలున్నాయి. నిమ్మరసం పూసుకుని, సరిగ్గా కడగకుండా మన బీచ్ రోడ్డులో మధ్యాహ్నం తిరిగి రండి, ఒకటి రెండు రోజుల్లో ఎర్రటి దద్దుర్లు, కొందరికి బొబ్బలు కూడా. అవి తగ్గాక నల్లటి మచ్చ మిగులుతుంది. వారాలు, ఒక్కోసారి నెలలు పోదు. తెల్లబడదామని పూసినది నల్లమచ్చ ఇచ్చి పోతుంది. అందుకని నిమ్మకాయని పులిహోరకీ పచ్చడికీ ఉంచుకుందాం.

ఇదే వరసలో ఇంకొకటి చెప్పాలి, దీని మీద కాస్త ఆగుతాను. బావంచాలు అనే గింజలు. మన వైపు సున్నిపిండిలో బావంచాలు, కచ్చూరాలు అని జంటగా చెబుతారు. పూర్ణా మార్కెట్లో పచారీ కొట్టుకి వెళ్ళి సున్నిపిండి సామాను అనగానే అతను అడక్కుండానే బావంచాలు పొట్లం కట్టేస్తాడు. మా అమ్మమ్మ వేసేది, మీ అమ్మమ్మలూ వేసే ఉంటారు. కానీ బావంచాలు ఆయుర్వేదంలో బొల్లి మచ్చలకు మందు. మచ్చ మీద లేపనం రాసి ఎండ తగలనిచ్చేవారు. ఎందుకంటే అందులో సోరలెన్ అనే పదార్థం ఉంది. అది ఉన్నచోట ఎండ పడితే చర్మం మామూలు కంటే చాలా తీవ్రంగా స్పందిస్తుంది, రంగు పుట్టుకొస్తుంది. ఇప్పటి ఆస్పత్రుల్లోనూ ఇదే సూత్రంతో, సోరలెన్ ఇచ్చి, అతినీలలోహిత కాంతిని నిమిషాల లెక్కన పెట్టి, డాక్టరు దగ్గరుండి చికిత్స చేస్తారు. నేను చెప్పేది ఆలోచించండి. రంగు పుట్టించడానికి వాడే మందుని, మొహం తేటగా ఉండాలని పూసుకుంటున్నాం. సున్నిపిండి కడిగేస్తాం కాబట్టి చాలామందికి ఏమీ కాకపోవచ్చు. ఒంటికి నలుగు పెట్టుకుని చీర కట్టుకుంటే ఆ చోట ఎండ తగలదు. మొహం సంగతి వేరు, అది రోజంతా ఎండలోనే ఉంటుంది. మొహానికి చేసుకునే పొడిలో బావంచాలు వేయకండి. పెద్దవాళ్ళ మీద గౌరవం తగ్గి అంటున్న మాట కాదిది. అది మందు అని వాళ్ళకు తెలుసు, తెలిసే కొంచెంగా వేసేవారు. కొలత మర్చిపోయినవాళ్ళం మనం.

సరే, మరి మొహాన్ని ఏది శుభ్రం చేస్తుంది?

మొహం మీద ఉండేది ఏమిటి? మనలోంచి వచ్చే నూనె, చెమట ఉప్పు, రాలిపోయిన చర్మపు పొట్టు, దుమ్ము. మన ఊళ్ళో సముద్రపు గాలి, ఆ తేమ, రేవు వైపు ఉండేవాళ్ళకు బొగ్గు నలుసులు. ఉప్పు, చెమట నీళ్ళకే పోతాయి. నూనె, దానికి అంటుకున్న దుమ్ము నీళ్ళకి పోవు. వాటిని పట్టుకోవడానికి రెండు దారులు. ఒకటి, పొడి ఆ నూనెని పీల్చుకోవడం. రెండు, ఒక కొసతో నూనెని, రెండో కొసతో నీటిని పట్టుకునే పదార్థం వాడటం. సబ్బు చేసే పని ఈ రెండోది. మొక్కల్లో ఆ పని చేసేవి సపోనిన్లు. కుంకుడుకాయ నురుగంతా సపోనిన్లే. శీకాయలోనూ ఉన్నాయి. పెసలు, శెనగల్లో కూడా కొద్దిగా ఉన్నాయి. అంటే పెసరపిండి రెండు పనులూ చేస్తుంది, పిండి నూనెని పీల్చుకుంటుంది, ఆ కాస్త సపోనిన్ మిగతాది కడుగుతుంది. రెండూ మెత్తగానే. అందుకే అది మొహానికి సరిపోతుంది.

మరి కుంకుడుకాయ ఎందుకు వద్దు? బలం ఎక్కువ. కంట్లో పడితే ఎలా ఉంటుందో ఈ హాల్లో తెలియనివాళ్ళు ఉండరు. తలకి సరే. మొహానికి అక్కర్లేదు.

ఇంకొక లాభం చెప్తాను, మన ఊరికి సంబంధించింది. సముద్రానికి దగ్గరగా ఉన్న అపార్ట్‌మెంట్లలో బోరునీళ్ళు ఉప్పగా, గట్టిగా ఉంటాయి. ఆ నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బు వాటితో కలిసి తెల్లటి తెట్టు కడుతుంది. మీ బకెట్ అంచున జిగురుగా పేరుకునేది అదే. నురుగు రాదు, వచ్చినా కడిగితే పోదు. బకెట్‌కి పట్టింది మొహానికి పట్టదా? పెసరపిండితో ఈ తెట్టు గొడవ ఉండదు. మునిసిపల్ నీళ్ళు వచ్చే ఇళ్ళలో ఈ ఇబ్బంది తక్కువ.

ఇక కొలతలు రాసుకోండి. అరకిలో పెసలు, పొట్టుతోనే. బియ్యం 100 గ్రాములు. ఎండు గులాబి రేకులు 50 గ్రాములు. గంధ కచ్చూరాలు 25 గ్రాములు, వట్టివేళ్ళు 25 గ్రాములు, ఈ రెండూ వాసనకు. కస్తూరి పసుపు 20 గ్రాములు, ఇష్టమైతేనే. వేపాకు నీడన ఆరబెట్టినది ఒక గుప్పెడు, జిడ్డు చర్మం ఉన్నవాళ్ళకి. ఇంతే. జాబితా పెరిగితే పొడి మంచిదవుతుందని అనుకోవద్దు. ఇరవై రకాలు వేసి చేసిన పొడి ఒకరికి పడకపోతే, పడనిది ఏదో ఎలా కనిపెడతారు? మొదటిసారి చేసేవాళ్ళు పెసలు, బియ్యం, గులాబి రేకులతో మొదలుపెట్టండి. పడింది అనుకున్నాక ఒక్కొక్కటీ చేర్చుకోండి.

బత్తాయి తొక్కలు వేయొచ్చా అని అక్కడ ఎవరో అడుగుతున్నారు. వాసన బాగుంటుంది, కాదనను. కానీ ఆ వాసన నూనెలే సున్నితమైన చర్మాన్ని మండిస్తాయి. పైగా కాయల మీద కొట్టిన మందులు, మెరుపుకి పూసిన మైనం ఉండేది తొక్క మీదే. మీ పెరట్లో కాసినవైతే కొంచెం వేసుకోండి. కొన్నవైతే మానేయండి.

పెసలని, బియ్యాన్ని మూకుడులో సన్న సెగ మీద కాసేపు వేపండి, రంగు మారకూడదు, చేత్తో ముట్టుకుంటే వేడిగా తగలాలి అంతే. తేమ పోతుంది, పురుగు గుడ్లు ఉంటే పోతాయి. వట్టివేళ్ళని కత్తెరతో చిన్నచిన్న ముక్కలు చేయాలి, లేకపోతే పీచులు మిక్సీ బ్లేడుకి చుట్టుకుంటాయి. ఆకులు, రేకులు ఎండలో పెట్టకండి, నీడన గాలికి ఆరనివ్వండి.

ఆడించడం దగ్గర జాగ్రత్త. కొంచెమే అయితే మిక్సీ చాలు. పిండిమరకి పంపితే, అంతకు ముందు ఏం ఆడారో అడగండి. మిరపకాయలు ఆడిన వెంటనే మన పొడి ఆడితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. బియ్యం ఆడిన తరవాత వేయమనండి, మొదట వచ్చిన రెండు గుప్పెళ్ళు పక్కన పెట్టేయండి. తరవాతది అన్నిటికంటే ముఖ్యం, వస్త్రగాళితం పట్టండి. పాత నూలు చీర ముక్క ఉతికి ఆరబెట్టి, గిన్నె మూతికి కట్టి, దాని మీద పొడి వేసి చేత్తో రాయండి. కిందికి దిగింది మొహానికి. పైన మిగిలింది మోచేతులకి, పాదాలకి. జల్లెడ పట్టిన పొడి సరిపోదా అంటారు. జల్లెడలోంచి దిగే పలుకులు మొహం మీద గీతలు పెడతాయి, కంటికి కనబడనంత సన్నవి. వేళ్ళ మధ్య పట్టి నలిపితే విబూదిలా ఉండాలి. సింహాచలం గంధం ఎవరైనా చేతిలోకి తీసుకున్నారా? సాన మీద నీళ్ళు పోసి అరగదీసిన గంధంలో ఒక్క పలుకు తగలదు. ఆ నునుపు మనం మిక్సీతో తేలేం, కానీ దానికి దగ్గరగా వెళ్ళాలి.

గంధం మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. అసలు చందనం కిలో వేలల్లో ఉంటుంది. వంద రూపాయలకి డబ్బాడు చందనం పొడి అమ్ముతున్నారంటే, అందులో చందనం ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి. రంపపు పొట్టుకి సెంటు కలిపినా అలాగే ఉంటుంది. ఎర్రచందనం వేరే చెట్టు, దానికి ఆ వాసనే ఉండదు. చిన్న గంధపు చెక్క, సాన ఇంట్లో ఉంటే అప్పటికప్పుడు తీసుకోండి. లేకపోతే వదిలేయండి, చందనం లేకపోయినా మొహం శుభ్రపడుతుంది.

పసుపు దగ్గరా ఇంతే జాగ్రత్త కావాలి. పసుపు రంగు తేలాలని లెడ్ క్రోమేట్ కలిపిన సంఘటనలు మన దేశంలోనూ బంగ్లాదేశ్‌లోనూ బయటపడ్డాయి. అందులో సీసం ఉంటుంది. పిల్లల మెదడుకి చెడ్డది. పొడిలోనే కాదు, కొమ్ములకి మెరుపు పెట్టేటప్పుడు కూడా పూస్తారు, అందుకని తళతళలాడే కొమ్ములు చూసి మురిసిపోకండి. కాస్త మాసినట్టు, గరుకుగా ఉన్నవి తీసుకోండి. ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. గాజు గ్లాసులో నీళ్ళు పోసి, ఒక చెంచా పసుపు పైన వేసి కదపకుండా ఉంచండి. మంచి పసుపు అడుగుకి దిగుతూ నీటికి లేత పసుపు రంగు ఇస్తుంది. రంగు కలిపినదైతే నీళ్ళు చిక్కటి పసుపుగా మారతాయి. మనకి పాడేరు ఏజెన్సీ పసుపు దగ్గరలోనే దొరుకుతుంది, కొమ్ములు కొని మనమే ఆడించుకుంటే మేలు. తేనె కూడా అంతే. గిరిజన సహకార సంస్థ, జీసీసీ అంటాం, 1956లో పెట్టారు, ప్రధాన కార్యాలయం మన విశాఖలోనే. అడవి తేనె, కుంకుడుకాయలు, శీకాయ వాళ్ళ దుకాణాల్లో ఉంటాయి. కొండ మీద సేకరించిన మనిషికీ నాలుగు డబ్బులు వెళ్తాయి, అది నాకు ఇష్టం.

కూర పసుపుకీ కస్తూరి పసుపుకీ తేడా అడుగుతారు. కూర పసుపు మొహానికి రంగు పట్టేస్తుంది, పోవడం కష్టం, ఎందుకంటే ఆ రంగు పదార్థం నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. పట్టేస్తే నువ్వుల నూనె రాసి పెసరపిండితో తుడవండి. కస్తూరి పసుపు అంతగా పట్టదు. ఆ పేరుతో కొట్టుల్లో వేరే దుంపలు కూడా అమ్ముతారు, నమ్మకమైన చోట కొనండి.

ఇప్పుడు దాచడం. మన ఊరి పెద్ద సమస్య ఇది. హైదరాబాదులో చేసిన పొడి ఆరు నెలలు ఉండొచ్చు, ఇక్కడ ఉండదు. ఈ తేమకి ఉప్పు డబ్బానే కారిపోతుంది, పిండి ఏం నిలుస్తుంది? ఫిబ్రవరి నుంచి మే దాకా ఎండలు బాగా ఉన్నప్పుడు సామాను ఎండబెట్టుకోండి. వానాకాలంలో చేస్తే రెండు నెలలకి సరిపడా మాత్రమే చేయండి. మూత గట్టిగా ఉన్న గాజుసీసాలో పోయండి. బాత్రూములో పెట్టకండి, నా మాట వినండి, వేడినీళ్ళ ఆవిరికి వారంలో ముక్కిపోతుంది. సీసా వంటింట్లో ఉంచి, రోజుకి కావలసినంత చిన్న గిన్నెలో తీసుకెళ్ళండి. తడి చెంచా పెట్టకూడదు. గడ్డకట్టినా, ముక్క వాసన వచ్చినా, సన్న పురుగు కనబడినా పారబోయాలి. ఎండలో పెట్టి మళ్ళీ వాడదాం అనుకోవద్దు, బూజు పైకి కనబడేసరికి లోపల ఎప్పుడో పట్టి ఉంటుంది.

దీన్నిబట్టే ఇంకో విషయం అర్థమవుతుంది. ఇంట్లో చేసిన తడి ఫేస్‌వాష్‌లు, కలబంద గుజ్జు, తులసి కషాయం, గులాబి నీళ్ళు అన్నీ కలిపి సీసాలో పోసి నెల్లాళ్ళు వాడమంటారే, అవి వద్దు. నీళ్ళు తగిలిన ఏ ఆహారమైనా పాడవుతుంది, ఇది ఆహారమే. చూడ్డానికి బాగున్నా లోపల సూక్ష్మజీవులు పెరుగుతుంటాయి. కంటికి అంత దగ్గరగా అది పూసుకుంటామా? కొట్టులో కొనే ఫేస్‌వాష్‌లో నిల్వ ఉంచే పదార్థాలు వేస్తారు, వాటిని చాలామంది తిడతారు. నేను తిట్టను. నీళ్ళున్న సీసాకి అవి అవసరం. మనకి అవి వద్దనుకుంటే దారి ఒక్కటే, పొడిని పొడిగా దాచుకోవడం, వాడే నిమిషంలో తడపడం, మిగిలింది పారబోయడం. సున్నిపిండి ఇన్ని తరాలు నిలబడింది ఈ పద్ధతి వల్లే అని నా నమ్మకం.

దేంతో తడపాలి అన్నది చర్మాన్నిబట్టి. పొడిబారే చర్మమైతే పాలు లేదా ఒక అర చెంచా మీగడ. జిడ్డు చర్మమైతే పలచటి మజ్జిగ. పెరుగులో లాక్టిక్ ఆమ్లం ఉంది, దాని పులుపు మన చర్మం పులుపుకి దగ్గరగానే ఉంటుంది, పులిసిన పెరుగు మాత్రం వద్దు. ఏదీ లేకపోతే నీళ్ళు. తేనె ఒక పావు చెంచా ఎవరైనా కలుపుకోవచ్చు, తడిని పట్టి ఉంచుతుంది. ముల్తానీ మట్టి నూనెని గట్టిగా లాగేస్తుంది, జిడ్డు చర్మం వాళ్ళు వారానికి ఒకసారి చిటికెడు కలుపుకోవచ్చు. పొడి చర్మం వాళ్ళు దాని జోలికి పోవద్దు. కలబంద వాడాలంటే మట్ట కోసి, కోసిన వైపు కిందికి ఉండేలా గ్లాసులో ఓ పావుగంట నిలబెట్టండి. పసుపు రంగు పాలు కారతాయి. దురద పెట్టేది అదే. అది కారిపోయాక కడిగి, తొక్క తీసి, లోపలి తెల్ల గుజ్జు మాత్రం వాడండి.

పద్ధతి చెప్తాను. ముందు చేతులు కడుక్కోవాలి. గోరువెచ్చని నీళ్ళతో మొహం తడపాలి. ఒక చెంచా పొడి, పలచగా, జారుగా కలపాలి. వేలికొసలతో గుండ్రంగా, అర నిమిషం. గట్టిగా రుద్దకూడదు. ఆరనివ్వకూడదు, ఇది ప్యాక్ కాదు. పిండి ఎండి బిగుసుకుంటే చర్మంలోని తడినీ లాగుతుంది, ఊడదీసేటప్పుడు గోకాల్సి వస్తుంది. కడిగి, మెత్తటి తువ్వాలుతో అద్దాలి. మొహం మీద కొంచెం తడి ఉండగానే మీకు అలవాటైన క్రీము రాసుకోవచ్చు. రోజుకి ఒకసారి, సాయంత్రం ఇంటికి వచ్చాక. ఉదయం ఉత్త నీళ్ళు చాలు.

ఇది చేయలేని పని ఒకటుంది, అది కూడా చెప్పాలి. సన్‌స్క్రీను, కాటుక, మేకప్పు, ఇవి సున్నిపిండికి పూర్తిగా పోవు. ముందు నువ్వుల నూనె రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని మొహమంతా మెల్లగా రాసి, తడి గుడ్డతో తుడిచి, అప్పుడు పిండి. నూనె నూనెని కరిగిస్తుంది. దీపావళికీ భోగికీ తలంటు ముందు నూనె రాసి నలుగు పెట్టడంలో ఉన్నది ఈ సూత్రమే. కొబ్బరినూనె మాత్రం మొటిమలు వచ్చేవాళ్ళు మొహానికి రాయకండి, రంధ్రాలు మూసుకుంటాయి.

మొదటిసారి వాడే ముందు మోచేతి మడతలో కొంచెం రాసి, కడిగి, ఒకటి రెండు రోజులు చూడండి. ఎర్రబడినా దురద వచ్చినా మొహానికి వద్దు.

ఇంకొక మాట. రంగు. ఈ పొడి వాడితే తెల్లబడతారా అని నన్ను అడగకండమ్మా. తెల్లబడరు. తెల్లబడక్కర్లేదు. నల్లగా ఉన్న పిల్లని కూర్చోబెట్టి పెళ్ళిచూపుల ముందు వారం రోజులు నలుగు పెట్టి పెట్టి చర్మం గీరుకుపోయేలా చేయడం నేను చూశాను, నాకు మనసు కోసేసినట్టయింది. ఆ తొందరలోనే మందుల షాపుకి వెళ్ళి "మొహం తేటపడే క్రీము" అని ట్యూబు తెచ్చుకుంటారు. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. వారంలో మెరుపు వస్తుంది, నెలల్లో చర్మం పలచబడుతుంది, ఎర్రటి నరాలు కనబడతాయి, మొహమంతా మొటిమలు, ఆపితే మంట. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి చాలా స్టెరాయిడ్ క్రీములని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది. అయినా అడిగితే ఇచ్చే చోట్లు ఉన్నాయి. మీ ఇంట్లో పిల్లలు ఏ ట్యూబు వాడుతున్నారో ఒకసారి తీసి, వెనక సన్న అక్షరాలు చదవండి. బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అన్న పేర్లుంటే చర్మం డాక్టరుకి చూపించండి. ఒక్కసారిగా మీరే ఆపేయకండి, ఎలా ఆపాలో ఆయన చెప్తారు.

ఇప్పుడు అడగండి.

(కూతురికి మొటిమలు ఎక్కువగా ఉన్నాయని, వేపాకు పొడి పనిచేస్తుందా అని ఒకరు అడిగారు.)

ఎన్నేళ్ళమ్మా పాపకి? పదహారా. వేపకి సూక్ష్మజీవుల్ని అణిచే గుణం ఉన్నమాట నిజమే. కానీ మొటిమ పైన మురికి వల్ల పుట్టదు. లోపల హార్మోన్ల వల్ల నూనె ఎక్కువై, రంధ్రం మూసుకుని, అక్కడ వాపు వస్తుంది. పైపైన కడిగితే అది తగ్గదు. పాప మొటిమలు పట్టుకుంటే నొప్పిగా, గడ్డల్లా ఉన్నాయా? అయితే సున్నిపిండి కూడా రుద్దకండి, ఆ పలుకులకి చిట్లి మచ్చలు పడతాయి. కొట్టులో దొరికే మెత్తటి, వాసన లేని ఫేస్‌వాష్ మంచిది ఆమెకి. కేజీహెచ్, అదే మన కింగ్ జార్జ్ ప్రభుత్వాసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ ఉంది, ఖర్చుకి వెనకాడేవాళ్ళు అక్కడికి తీసుకెళ్ళండి. ఈ వయసులో త్వరగా చూపిస్తే మచ్చలు మిగిలే అవకాశం తగ్గుతుంది.

(డ్వాక్రా సంఘం తరఫున ఈ పొడి తయారు చేసి అమ్మవచ్చా అని మరొకరు అడిగారు.)

మంచి ప్రశ్న. ఇంట్లో వాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అమ్మాలంటే ఇది కాస్మెటిక్ కిందికి వస్తుంది. 2020లో వచ్చిన కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం తయారీకి రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ నుంచి లైసెన్సు ఉండాలి. తయారుచేసే గది, నీళ్ళు, పరీక్షలు, లేబుల్ మీద వేసినవన్నీ రాయడం, తేదీ వేయడం, వీటన్నిటికీ నియమాలున్నాయి. భయపడి మానేయమని అనడం లేదు. సంఘంగా చేస్తే ఖర్చు పంచుకోవచ్చు, ఇప్పటికే లైసెన్సు ఉన్న చోట చేయించుకునే వీలు కూడా ఉంది. కానీ లైసెన్సు లేకుండా ఫోన్లో ఆర్డర్లు తీసుకుని పంపకండి. ఎవరికో కంట్లో మండితే జవాబు చెప్పాల్సింది మీరే.

(చంటిపిల్లలకి నలుగు పెట్టవచ్చా అని ఒక పెద్దావిడ అడిగారు.)

పెద్దవారు, మీరు ఎంతమందికి నీళ్ళు పోసి ఉంటారో! నా మాట తప్పుగా అనుకోకండి అత్తయ్యగారూ. చంటిపిల్లల చర్మం మనకంటే పలచన, అక్కడ కడగాల్సిన జిడ్డూ లేదు. నూగు పోవాలని పిండితో రుద్దుతారు, ఆ నూగు దానంతట అదే రాలిపోతుంది. పొడి ఎగిరి ముక్కులోకి పోయే ప్రమాదం కూడా ఉంది. కొంచెం నూనె రాసి, గోరువెచ్చని నీళ్ళు పోయండి, చాలు. పసుపు, వేపాకు, ఏ పొడీ వద్దు. ఏడాది దాటాక కూడా మొహానికి నీళ్ళే.

ఈ బల్ల మీద చిన్న పొట్లాలు కట్టి పెట్టాను, తలా ఒకటి తీసుకెళ్ళండి. ఎడమ వైపువి పెసలు, బియ్యం, గులాబి రేకులు మాత్రమే వేసినవి. కుడి వైపువాటిలో కస్తూరి పసుపు, వేపాకు కూడా ఉన్నాయి, జిడ్డు చర్మం వాళ్ళు అవి తీసుకోండి. పెసలు, శెనగలు, వేరుశెనగలు తింటే పడనివాళ్ళు ఎవరైనా ఉంటే ఏదీ తీసుకోకండి. పొట్లం మీద తయారుచేసిన తేదీ రాశాను, రెండు నెలలు దాటితే మొక్కల మొదట్లో పోసేయండి.